కొంగ బొమ్మ సిరా

బస్సు శింగనమల దాటి మలుపు తిరిగేసరికి గుట్టల మీద చేటంత మబ్బు కనిపించింది. బుడేన్ సాబ్ మాస్టరు దాన్ని చూసి చూడనట్టే తల తిప్పుకున్నాడు. మబ్బే కదా. ఈ రెండేళ్లలో ఎన్ని మబ్బులు రాలేదు, వచ్చినట్టే వచ్చి ఊరించి ఊరించి బళ్లారి వైపు జారిపోలేదు, చెరువు నడిమధ్యన పిల్లలు గోళీలాడుకుంటున్న ఊళ్లో మబ్బును నమ్మేదెవడు. నమ్మకం లేకనే కదా బస్సు టాపు మీద కప్పే టార్పాలినును కండక్టరు ఎవరి పెళ్లి పందిరికో నీడకని ఇచ్చేసి, తిరిగి తెచ్చుకోవడం కూడా మరిచిపోయాడు. నమ్మకం లేకనే కదా తను, పదిమందికి బుద్ధులు చెప్పే మాస్టరు, పరీక్ష పేపర్ల మూటను టాపు మీదికి ఎత్తి పడేస్తుంటే కళ్లప్పగించి చూశాడు. "మూటకు సీటిస్తే మనుషులు యాడ కూచుంటారు సారూ? పైన ఎయ్యండి. వానొస్తాదా ఏమన్నా?" అన్నాడు కండక్టరు. ఆ మాటకు బస్సంతా నవ్వింది, తనూ నవ్వాడు. ఈ సీమలో వాన అనే మాట అంత హాస్యమైపోయింది. పక్క సీట్లో బంట్రోతు యేసన్న అప్పుడే నిద్రలోకి జారుకుని, బస్సు గుంతలో పడినప్పుడల్లా తన భుజం మీద వాలుతున్నాడు.

మూటలో ఉన్నవి ఎనిమిదో తరగతి పబ్లిక్ పరీక్ష జవాబులు. చుట్టుపక్కల బడుల పిల్లలందరూ శింగనమల సెంటర్లో కూర్చుని రాసినవి, తెల్లగుడ్డలో కుట్టి, లక్క సీళ్లు వేసి, పైన గోనెపట్టా చుట్టినవి. అనంతపురంలో విద్యాశాఖ ఆఫీసులో అప్పజెప్పి రావాలి. అసలు పోవాల్సిన మాస్టరు కడుపు నొప్పని మంచమెక్కితే హెడ్మాస్టరు నరసింహప్ప తనను పంపాడు, పంపుతూ చెవి దగ్గరికి వచ్చి అన్నాడు: "చూడు సాబూ, నీ బిడ్డ పేపర్లు గూడా దాంట్లోనే ఉండాయి. మూట మీద నీ చెయ్యి పడిందని ఎవడన్నా అన్నాడంటే సెంటరు మొత్తం రద్దయిపోతాది. దూరంగా కూచో." దూరంగానే కూర్చున్నాడు మరి. మూట పైన, తను కింద, నడుమ ఇనుప రేకు. హబీబా ఈ పరీక్ష గట్టెక్కితే అనంతపురంలో టీచరు ట్రైనింగు, హాస్టలు, ఆ తర్వాత చేతిలో సుద్దముక్క. గట్టెక్కకపోతే బళ్లారి. భార్య జైతూన్ బీ తమ్ముడు అక్కడ పత్తి మిల్లులో ఉన్నాడు, కరువు ఊళ్ల ఆడపిల్లలను గుంపులుగా తీసుకుపోయి దూది ఏరే పనిలో పెడుతున్నాడు. మొన్న వాడు వచ్చి గడపలో కూర్చుంటే జైతూన్ బీ కాదనలేదు. "ఈ ఒక్క పరీక్షకు ఆగుతా. పోయిందా, ఇంక నువ్వు నోరెత్తద్దు" అంది తనతో. బావి అడుగున బురద కూడా లేదు, గాదె ఊడ్చి పెట్టుకున్నారు, ఆమె కోపంలో న్యాయముంది, అందుకే తను తలూపాడు. మిల్లు నుంచి పండక్కి వచ్చిన పిల్లల దగ్గు గుర్తొచ్చినప్పుడల్లా అలా తలూపినందుకు లోపల్లోపల చస్తున్నాడు.

సరే, మూట తడిస్తే ఏమవుతుంది? కాగితం తడుస్తుంది, ఆరుతుంది. ఆరిన కాగితం మీద అక్షరం అక్షరంగానే ఉంటుంది. అది కొంగ బొమ్మ సిరా. ఆ సిరా సంగతి తనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు, తన నిఖా రోజున ఖాజీ గారు సంతకం పెట్టమని కలమిస్తే, విదిలించగానే కొత్త కమీజు మీద పడింది ఒక చుక్క, పడినప్పుడు నీలం, తెల్లారేసరికి నలుపు. జైతూన్ బీ కాపురానికి వచ్చిన మొదటి వారం నుంచి దాన్ని బండ మీద బాదుతూనే ఉంది, సీకాయ వేసింది, నిమ్మకాయ రుద్దింది, ఉప్పు పెట్టింది, చివరికి కమీజు చిరిగి కుండ దించే మసిగుడ్డ అయింది గానీ చుక్క మాత్రం అక్కడే ఉంది. ఆమె కోపమొచ్చినప్పుడల్లా ఆ మసిగుడ్డ చూపించి "నిన్ను చేసుకున్న గుర్తు ఇదీ" అంటుంది. అలాంటి సిరా. అందుకే కదా పిల్లలు తెచ్చుకునే సిరాలు వద్దన్నాడు. తాగే నీళ్లకు కరువు గానీ సిరాలో కలిపే నీళ్లకు ఈ పిల్లలకు కరువు లేదు, ఒక బుడ్డిని మూడు బుడ్లు చేస్తారు. మీ పులుసు నీళ్లు పారబోయండి, నేను తెచ్చిన దాంట్లోనే అందరూ కలాలు నింపుకోండి, అని మొదటిరోజు హాలు బయట చెట్టు కింద నిలబెట్టి తనే దగ్గరుండి నింపించాడు. తన బడి పిల్లలందరి జవాబులూ తను తెచ్చిన ఒక్క బుడ్డితో రాసినవే. మబ్బు చేటను దాటి చాపంత అయింది. కావచ్చు. మబ్బులకు పెరగడం అలవాటే.

తను తెచ్చినది కొంగ బొమ్మ సిరాయేనా? ఈ ప్రశ్న ఇంతకుముందు కూడా వచ్చింది, వచ్చినప్పుడల్లా పక్కకు నెట్టాడు, ఇప్పుడు బస్సులో పక్కకు నెట్టడానికి చోటు లేదు. గడియారం స్తంభం దగ్గర గోవిందప్ప కొట్టు. ఎప్పుడూ కొనే పొట్టి బుడ్డి, భుజాలు ఎగరేసినట్టుండే బుడ్డి, దాని మీద నీళ్లలో ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ. ఈసారి గోవిందప్ప ఇచ్చింది పొడుగు బుడ్డి. దాని మీద కొంగ ఉంది గానీ మెడ వరకే ఉంది. మిగతా కొంగ ఏమైందని తను నవ్వుతూ అడిగాడు. "కంపెనీవాళ్లు బుడ్డి మార్చినారు సారూ. సీసా కొత్తది, సరుకు అదే. కొంగ అదే కదా, చూడు ముక్కు" అన్నాడు గోవిందప్ప, ముక్కు చూపిస్తూ. ముక్కు అదే. ముక్కు చూసి కొన్నాడు. పాత చీటీ మీద కొంగ కాళ్ల కింద చిన్న అక్షరాలతో ఒక మాట ఉండేది, పర్మనెంటు అని. కొత్త చీటీలో కాళ్లే లేవు, కాళ్ల కింది మాట ఎక్కడి నుంచి వస్తుంది. చోటు చాలక తీసేసి ఉంటారనుకున్నాడు అప్పుడు. పొడుగు బుడ్డికి పొడుగు చీటీ అతికించారే, చోటు చాలకపోవడమేమిటి? ఒక్క మాటకు చోటు లేదా? కొంగ మెడకు అంత చోటిచ్చినవాళ్లు ఒక్క మాటకు ఇవ్వరా? గోవిందప్ప అబద్ధమాడే మనిషి కాదు, నిజమే. కానీ గోవిందప్పకు మాత్రం ఏం తెలుసు, ఆయనకూ ముక్కే తెలుసు.

హబీబా అడిగింది. అడిగింది కదా, బిరడా తీయగానే ముక్కు దగ్గర పెట్టుకుని, "నాయనా, ఇది అదేనా? దానికి తుప్పు వాసన ఉంటాండె, దీనికి ఏం వాసనా లేదే" అంది. తుప్పు పట్టిన మేకును చింతపులుసులో వేసినట్టుండే వాసన, పాత సిరాది, బడి బీరువా తెరిస్తే మొదట అదే పలకరించేది. తనేమన్నాడు? పరీక్ష ముందర పిల్ల మనసు చెదరకూడదని, "కొత్తది కదమ్మా, వాసన నిదానంగా పడతాది" అన్నాడు. నిదానంగా పడతాదట. సిరా ఏమన్నా ఆవకాయా ఊరడానికి. తన మాట మీద ఆ పిల్ల మారు మాట్లాడకుండా కలం నింపుకుంది, మిగతా పిల్లలకు మూత తీసి తనే పట్టుకుంది. తన దగ్గర పాత బుడ్డి అడుగున కాస్త మిగిలి ఉంటే దాన్ని కూడా "చాలదులే" అని బీరువాలో పెట్టించింది ఈ మాస్టరే. చాలేది. ఒక్క హబీబాకు చాలేది. ఒక్క తన బిడ్డకు మంచి సిరా పోసి మిగతా పిల్లలకు ఈ నీళ్లు పోస్తే ఏం మనిషి అవుతాడు తను, అది వేరే సంగతి, కానీ చాలేది.

గాలి తిరిగింది. కిటికీలోంచి ఎర్రమట్టి ఒక్కసారి మొహాన కొట్టి, దాని వెనకే చల్లగా ఇంకేదో వచ్చింది, బస్సులో మాటలన్నీ ఆగిపోయాయి. ముందు సీట్లో భుజాన కంబళి వేసుకున్న మారెక్క, గొర్రెల్ని నమ్ముకుని బతికే మనిషి, తనకు ఊరి మొగదల్లో రోజూ ఎదురయ్యే మనిషి, ముక్కుపుటాలు ఎగరేసి వెనక్కి తిరిగింది. "సాబన్నా, వాసన వస్తాండాది సూడు." వస్తోంది. కాలిన పెంకు మీద నీళ్లు చల్లిన వాసన. "మీరు నమాజు చేస్తిరి, మేం కప్పమ్మను ఊరేగిస్తిమి. ఎవరికి పలికిందో ఏమో, పలికింది" అంది మారెక్క, పళ్లన్నీ కనిపించేలా నవ్వుతూ. తనూ నవ్వాలి కదా, నవ్వబోతే పెదవులు ఎండి పళ్లకు అంటుకున్నాయి.

నమాజు తనూ చేశాడు. పోయిన శుక్రవారం ఊరి బయట బీడులో, చెప్పులు విడిచి కాలే నేల మీద నిలబడి. వాన కోసం చేసే దువాలో చేతులు మామూలుగా పట్టరు, అరచేతులు నేలకేసి, చేతుల వీపులు ఆకాశానికేసి పడతారు, ఎందుకంటే మబ్బు కూడా అట్లా తిరగబడి కుమ్మరించాలని, అని ముసలి ఖాజీ గారు చెబితే అందరూ అట్లాగే పట్టారు. తను అందరికంటే చివర పట్టాడు, ఏడుస్తూ పట్టాడు. బావి కోసం, జైతూన్ బీ మోసుకొచ్చే ఆ రెండు బిందెల కోసం, బీడు మీద పడి చచ్చిన పక్కింటివాళ్ల ఎద్దు కోసం. అల్లా, ఊరందరికీ ఇవ్వు అన్నాడు. ఇప్పుడు ఇస్తున్నాడు. తన చేతులేమో మోకాళ్ల మీద, అరచేతులు పైకి తిరిగి ఉన్నాయి, ఎప్పుడు అట్లా తిరిగాయో తనకే తెలీదు, లోపల్నుంచి మాట దానంతటదే వస్తోంది, ఇప్పుడొద్దు, ఇప్పుడొద్దు యా అల్లా, అనంతపురం చేరేదాకా ఆపు, తర్వాత నీ ఇష్టం, కావాలంటే నా ఇల్లు పడేట్టు కురిపించు. సిగ్గు లేదా? ఊరు ఊరంతా నాలుక చాపుకుని కూర్చుంటే ఒక్క మూట కోసం ఆపమంటావా? సిగ్గే. ఒళ్లంతా సిగ్గే. అయినా ఆపు.

మొదటి చుక్క ఇనుప రేకు మీద టప్పుమంది. తలెత్తి చూశాడు, రేకు తప్ప ఏముంటుంది. ఇంకొకటి. తర్వాత లెక్కలేదు, టాపు మీద వేరుశనగ బుడ్డలు గుమ్మరించినట్టు మోత, బస్సంతా ఒక్కటే కేక, కిటికీల్లోంచి చేతులన్నీ బయటికి పోయాయి, ఎవరో ముసలాయన దోసిట్లో పట్టి మొహం కడుక్కుంటున్నాడు, ఎవరూ కిటికీ రెక్క దించడం లేదు. కండక్టరు టికెట్ల సంచి నెత్తిన పెట్టుకుని ఎగురుతున్నాడు. యేసన్న కళ్లు తెరిచి "స్తోత్రం తండ్రీ" అని మళ్లీ మూశాడు. లే యేసన్నా, అనబోయాడు, లేపి ఏం చెప్పాలి, మూట తడుస్తోందని చెబితే గోనెపట్టా ఉందిలే అంటాడు, సిరా కరుగుతుందేమో అంటే, ఎందుకు కరుగుతుంది సారూ మీరు తెచ్చిందే కదా అంటాడు. ఊరికే బండి ఆపించి మూట మీద పడితే రేపు ఎవడైనా అనడూ, దారిలో వానను అడ్డం పెట్టుకుని సాబు మూట విప్పినాడు, బిడ్డ పేపరు మార్చినాడు అని? అంటారు. నరసింహప్పే అంటాడు. సిరా పాతదే అయితే ఈ గొడవంతా అక్కర్లేదు. పాతదే. కంపెనీవాళ్లకు పనేం లేదా సిరా మార్చడానికి, బుడ్డి మార్చారు, అంతే, మనిషి కొత్త చొక్కా వేసుకుంటే మనిషి మారతాడా. మారడు. చక్కగా ఉన్న సిరాను ఎవడు మారుస్తాడు, అన్నం పెట్టే సరుకును. పిల్ల కూడా పరీక్ష బాగా రాసింది, నిన్న ఇంటికి వచ్చి ఎంత ఆకలిగా తిన్నది, జొన్నరొట్టె తుంచి తుంచి కారంలో అద్దుకుని, తల్లి రెండోది వేస్తే అదీ తిన్నది, లెక్కలు బాగా వచ్చినాయి నాయనా అని రొట్టె పట్టుకున్న చేత్తోనే గాలిలో లెక్క వేసి చూపించింది, తెల్లటి రొట్టె, దాని మీద ఆ వేళ్లు.

ఆ వేళ్లు. శుభ్రంగా ఉన్నాయి. ఏనాడూ అట్లా లేవు. ఆరో తరగతి నుంచి ఆ పిల్ల కుడిచేతి నడిమివేలు నల్లగానే ఉంటుంది, రొట్టె తుంచితే రొట్టెకు మచ్చ, తల్లి మొట్టికాయ వేసి "బూడిదేసి తోముకో పో" అంటుంది, తోముకున్నా వారం పోదు, అది పోయేలోగా ఇంకొకటి అంటుతుంది. ఆ కలం పరీక్ష మొదటిరోజు నుంచీ కారుతోందని తనకు తెలుసు, నిన్న సాయంత్రం పరీక్ష నుంచి వచ్చినప్పుడు చేతి నిండా నీలం చూశాడు కూడా. నీళ్లు లేని ఇంట్లో చెంబు అడుగున ఉన్న కాసిని నీళ్లతో చేయి తడుపుకుని రొట్టెకు కూర్చుంది. కాసిని నీళ్లకే పోయింది. జైతూన్ బీ తిట్టలేదు. తిట్టలేదని తను సంతోషించాడు కూడా, పిల్ల పెద్దదైంది, శుభ్రంగా ఉంటోంది అని. ఎంత గుడ్డివాడు. కళ్లెదురుగా రొట్టె మీద పెట్టి చూపిస్తే చూడలేకపోయాడు.

జేబులోంచి కలం తీశాడు, అదే బుడ్డితో నింపిన కలం. టికెట్టు వెనక్కి తిప్పి మోకాలి మీద పెట్టుకుని, బస్సు ఊపుకు గీత వంకర పోతుండగా, హ అని ఒక్క అక్షరం రాశాడు. ఊదాడు. ఆరేదాకా ఊదాడు, మోసం చేయకూడదు, ఆరనివ్వాలి, మూటలోవి ఆరినవే కదా. ఇంకా ఆరలేదని ఇంకాసేపు ఊదాడు, ఊదుతూ ఉన్నంతసేపూ అది పాత సిరాయే, ఊదుతూ ఉన్నంతసేపూ హబీబా సుద్దముక్క పట్టుకునే ఉంది. మారెక్క చూసి "ఏమి సాబన్నా, టికెట్టుకు మంత్రం ఏస్తాండావా?" అంది. చెయ్యి కిటికీ బయటికి చాపాడు. చినుకులు పడ్డాయి. లోపలికి తీసుకుని చూశాడు. హ లేదు. దాని చోటున నీలం నీళ్లు అటూ ఇటూ జారి, టికెట్టు అంచు నుంచి వేలి మీదికి దిగాయి. కొంగ ముక్కు అదే, సరుకు అది కాదు.

"ఆపు! బండి ఆపప్పా!" తన గొంతేనా అది. బస్సు కీచుమని ఆగింది. "ఏమైంది సారూ?" అన్నాడు కండక్టరు. "మూట దించాల. సిరా కరిగిపోతాది." డ్రైవరు వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. "దాని చుట్టూ నాలుగు ట్రంకులు బిగించి కట్టిండామయ్యా, అవన్నీ విప్పి దించేసరికి ముందర వంక వస్తాది. వంక వస్తే ఈడే పడుండాల మనమంతా." అవును, వంక. రెండేళ్లుగా ఇసుక తప్ప ఏమీ పారని వంక పేరు కూడా అందరూ భయంగా, ఇష్టంగా పలుకుతున్నారు. యేసన్న పూర్తిగా మేలుకుని చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు సారూ, సీళ్ల మీద మీ చెయ్యి పడితే రేపు నేనేం చెప్పాల?" "చూసింది చెప్పు. నువ్వు వెనక కిటికీలో తల పెట్టి నన్నే చూస్తా ఉండు. నేను విప్పేది లేదు, దించేది లేదు. పైన పడుకుంటా. మీరు బండి పోనీండి." కలం యేసన్న చేతిలో పెట్టి జనం మధ్య నుంచి తోసుకుంటూ తలుపు దగ్గరికి వెళ్లాడు. మారెక్క తన ముసలి కాళ్లతో వెనకే వచ్చి భుజం మీది కంబళి తీసి మీద వేసింది. "ఇది కప్పు సాబన్నా. దీంట్లోకి అంత బిర్రున నీళ్లు దిగవు. నా గొర్రెపిల్లలు దీని కిందనే బతికినాయి" అంది. వానలో నిలబడి పూర్తిగా తడిసిపోతూ, ఇంకా నవ్వుతూనే ఉంది.

నిచ్చెన మెట్లు జారుతున్నాయి. టాపు మీద నీళ్లు పాదాల మీద నుంచి పారుతున్నాయి, ట్రంకుల నడుమ మూట, పైన గోనె నల్లగా తడిసి ఉంది. ఎప్పటి నుంచి తడుస్తోంది? తను ముక్కు గురించి, చొక్కా గురించి ఆలోచించుకుంటూ కూర్చున్నప్పటి నుంచి. దాని మీద బోర్లా పడ్డాడు. కంబళి లాక్కుని తననూ మూటనూ కలిపి కప్పుకున్నాడు, చేతులు మాత్రం బయటే ఉండిపోయాయి, బస్సు కదిలితే పడిపోకుండా మూటకు అటూ ఇటూ తాడు పట్టుకోవాలి కదా. బస్సు కదిలింది. కంబళి కింద గొర్రెల కంపు, వెచ్చదనం, వీపు మీద వాన దరువు. గోనెపట్టా మడత కిందికి ఒక్క వేలు మెల్లగా దూర్చాడు, సీళ్ల వైపు కాదు, కుట్టు వైపు. లోపలి గుడ్డ తగిలింది. చల్లగా ఉంది. తడా, చల్లదనమా? వేలికి తెలియడం లేదు. బయటికి తీసి కంటి దగ్గర పెట్టుకుని చూశాడు. గోనె పీచు అంటుకుని ఉంది. నీలం లేదు. ఇంకోసారి చూశాడు, లేదు. ఏడుపొచ్చింది, హాయిగా ఏడ్చాడు, పైన ఎవరున్నారు చూడ్డానికి. బస్సు వంక దగ్గరికి వచ్చినట్టుంది, కింద జనం "పారతాండాది, పారతాండాది" అని అరుస్తున్నారు, చక్రాల కింద నీళ్లు కోసుకుపోతున్న చప్పుడు.

వాన ఆపమని అడగాలి. ఇప్పుడే అడగాలి, గుడ్డ ఇంకా పొడిగా ఉండగానే. పెదవులు కదిపాడు. అప్పుడు చూశాడు తన చేతులు. కంబళి బయట, మూటను ఇటూ అటూ అదిమి పట్టుకుని, అరచేతులు కిందికీ వీపులు ఆకాశానికీ. బీడులో ఎట్లా పట్టాడో అట్లాగే. వాటి మీద వాన పడుతోంది, చేతి నరాల నడుమ నుంచి పారి ఎక్కడికో పోతోంది, జైతూన్ బీ బిందె వైపు, మారెక్క గొర్రెల వైపు, శింగనమల చెరువు నడుమ గోళీల గుంతల వైపు. చేతులు తిప్పితే మూట జారుతుంది. తిప్పలేదు. ఇంకా గట్టిగా పట్టుకుని, గడ్డం గోనెకు ఆనించి, "కురవనీ" అన్నాడు బుడేన్ సాబ్.